ఉపగ్రహాన్ని నమ్మని మేస్త్రీ

ఛత్రినాక బాలకిషన్ మేస్త్రీ ఈ లోకంలో నమ్మేది ఒక్కదాన్నే: నీళ్లు నింపిన తన లెవెల్ పైపును. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టాన నిలిస్తే అది నిజం. మిగతాదంతా అనుమానమే. మనవరాలి పెళ్లిలో కూడా మండపానికి పైపు పట్టి, "పిలగాని దిక్కు అర్ధంచు పల్లమున్నది" అని తాళి ఆపించాడు.

అలాంటివాడి పక్కింట్లోకి ఫిజిక్స్ లెక్చరర్ స్రవ్య అద్దెకు దిగింది. రెండేళ్ల సోనీకి తల్లి కనుక ఆమెకు అన్నీ భయాలే. వానలకు నీళ్లొస్తాయేమోనని ముందే ఉపగ్రహం కొలిచిన ఎత్తుల పటం చూసుకుంది. ఇల్లు పక్కనే పారే మురికినీటి నాలా కంటే రెండు నిలువుల ఎత్తుందని తేలాకే సామాను దించింది.

"ఎవరు కొలిచిన్రు?" అడిగాడు మేస్త్రీ.

"ఉపగ్రహం కాకా. ఆకాశం నుంచి."

"పైపు తెచ్చిందా?"

స్రవ్యకు ఇంకో బెంగ కూడా ఉంది. పాలమూరు దిక్కున ఒక చెలకలో వేల ఏళ్ల నాటి నిలువురాళ్లున్నాయి. ఏడాదిలో పగలు అతి చిన్నదైన రోజున, రెండు పెద్ద రాళ్ల సందులోంచి చూస్తే ఎదుటి గుట్ట మీద సూర్యుడు పొడుస్తాడని ఆమె నమ్మకం. గుట్ట ఎత్తును ఉపగ్రహం దగ్గర తీసుకుని లెక్క కట్టింది. తీరా చూస్తే ఆ లెక్కలో సూర్యుడు సందులో కాక కుడిరాయి వెనక పొడిచాడు! ఈ సంగతి చెప్పాల్సిన సదస్సు శనివారమే. రెండేళ్ల శ్రమ.

"రాళ్లు ఊరికే పాతిన్రేమో కాకా," అంది కళ్లు తుడుచుకుంటూ.

మేస్త్రీకి రోషమొచ్చింది. "గంత రాయి నిలబెట్టినోడు సూటి చూడకుంట పెడ్తడా? వాడు గూడ మేస్త్రీయే గద! గుట్ట మీద ఏమున్నయ్?"

"నీలగిరి చెట్లు. ఈమధ్య పెట్టినవే."

"మరి నీ ఉపగ్రహం నెత్తి చూస్తదా, కాళ్లు చూస్తదా?"

స్రవ్య నెత్తి కొట్టుకుంది. చెట్ల కొసలనే అది నేల అనుకుంది! క్లాసులో తాను చెప్పే పాఠమే.

మరునాడే ఇద్దరూ గుట్టెక్కారు. ఆమె నీడను బట్టి చెట్ల ఎత్తు కొలుస్తుంటే, నీడ పడ్డ నేల మట్టంగా ఉందో లేదో ఆయన పైపు పట్టి చూశాడు. చెట్ల ఎత్తు తీసేసి మళ్లీ లెక్క కడితే సూర్యుడు బుద్ధిగా సందులోకొచ్చాడు.

శనివారం సదస్సు నుంచి గర్వంగా ఇంటికొచ్చిన స్రవ్య గుమ్మంలోనే కాలు తట్టుకుని తూలింది. గడప మీద కొత్తగా రెండు వరసల ఇటుక! పక్కన తాపీ కడుక్కుంటూ మేస్త్రీ.

"ఇదేంది కాకా?"

"నీ ఉపగ్రహం మిద్దెను చూసి ఎత్తన్నది బిడ్డా. కడప నాలా గట్టు కంటె బెత్తెడు కిందున్నది. నువ్వు దిగిన నాడే పట్టి చూసిన. చెప్తే నీకు నిద్ర పట్టదని చెప్పలే."

ఆమె ఆ ఇటుకల పక్కనే చతికిలబడింది. "సదస్సుల తెర మీద నీ పేరు పెట్టిన కాకా," అంది. "స్టేజీ మీదున్న పెద్దలంత లేచి నిలబడి చప్పట్లు కొట్టిన్రు."

మేస్త్రీ మురిసిపోయాడు. అంతలోనే మొహం అనుమానంగా మారింది.

"అవునుగానీ బిడ్డా, ఆ స్టేజీ మట్టంగున్నదా?"