కాటా కాక చేసిన తప్పు

ఈ నెల మొదట్లో ఒక పొద్దున ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. కాటా కాక కొడుకు. "అన్నా, బాపు పోయిండు" అన్నాడు. ముందురోజు సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మంచం మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదట. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ గోదాములో ఇరవై ఏళ్లకు పైగా సరుకు తూచిన మనిషి. ఊరు గుమ్మడిదల వైపు. ఉన్న భూమి అన్నదమ్ములు చూసుకుంటే ఈయన సైకిలెక్కి ఫ్యాక్టరీకి వచ్చేవాడు. డ్రమ్ములు తూచే పెద్ద కాటా ఆయన చేతిలో ఉండేది కాబట్టి అందరికీ కాటా కాక. నేనివాళ బతికి ఉన్నానంటే ఆయనే కారణం. అదెలాగో చెప్పకుండా ఊరికే మంచివాడని రాస్తే ఆయనే నవ్వుతాడు.

తొంభైల చివర నేను అక్కడ కొత్త కెమిస్టుని. బ్యాచ్ మొదలయ్యే ముందు తూకం దగ్గర కెమిస్టు నిలబడి సంతకం పెట్టాలి. అందుకని షిఫ్టుకు అందరికంటే ముందు గోదాముకు వెళ్లేవాణ్ణి. సంతకం ఒక సాకు. కాక చాయ్ తాగి వచ్చేలోగా బూట్లు విప్పి కాటా ఎక్కేవాణ్ణి. ఆ అంకెలు ఇక్కడ రాయను, అప్పట్లో అవే నా జపం. నిన్నటికంటే తగ్గితే ఆ రోజంతా గాలిలో తేలేవాణ్ణి. తగ్గకపోతే మధ్యాహ్నం అన్నం మానేసేవాణ్ణి.

నాకు మగవాళ్లంటే ఇష్టం. ఆ మాట బయట ఎవరికీ చెప్పలేని రోజులు. ఆదివారాలు నగరంలో ఒక పార్కు దగ్గర మాలాంటివాళ్లం ఐదారుగురం కలిసేవాళ్లం. నేను గొంతు దాచుకోకుండా నవ్వగలిగిన చోటు అదొక్కటే. కానీ అక్కడ సన్నగా ఉన్నవాడికే చూపులు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకతను నా పొట్ట గిల్లి, "ఇది ఏసుకొని ఎవల కోసం వచ్చినవ్?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నుంచి అన్నం దగ్గర కూర్చుంటే ఆ గిల్లుడే గుర్తొచ్చేది. మాలో ఒకడు కడుపు నిండా బిర్యానీ తిని, వెంటనే వెళ్లి కక్కేసి వచ్చేవాడు. ఇంకొకడు కండల కోసం నడుం పట్టేసేదాకా బరువులు ఎత్తేవాడు. దాన్నెవరమూ జబ్బు అనుకోలేదు. ఇంట్లోవాళ్లకు ఎలాగూ నచ్చం, కనీసం మాలో మాకైనా నచ్చాలి కదా అని మా తంటాలు. ఆ గిల్లినవాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వాడూ తిండి మానినవాడే.

క్యాంటీన్‌లో కాక నా ఎదురుగానే డబ్బా విప్పేవాడు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. నేను సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసం అనేవాణ్ణి. ఒకరోజు కాక వేళ్లు మడిచి లెక్కపెట్టి, "వారంల మూడు దినాలు దేవుళ్లే తీసుకున్నరు. కెమిస్టు సారు, మిగిలిన దినాలల్ల గూడ తినవైతివి. గవి ఎవలకు మొక్కినవ్?" అని అడిగాడు. పదిమందిలో నేను కెమిస్టు సారును. ఎవరూ లేకపోతే బిడ్డను.

ఆరు నెలల్లో చొక్కా నా మీద వేలాడసాగింది. మా వైపు మనిషి చిక్కిపోతే ఎవరూ ఇంకో కారణం వెతకరు. "పౌడర్ పట్టింది" అంటారు, మందుల పొడి ఒంట్లోకి ఎక్కిందని. ఫ్యాక్టరీలు వచ్చాక బావుల్లో నీళ్లు రంగు మారడం కళ్లతో చూసినవాళ్లు అట్లా అనుకోవడంలో వింత లేదు. దుమ్ము పీల్చేవాళ్లకని రోజూ తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవారు. కాక తనది కూడా నా జేబులో పెట్టేవాడు. నేను గేటు దాటాక రెండు ముక్కలూ కుక్కలకు వేసేవాణ్ణి.

ఒకరోజు తూకం దగ్గర కళ్లు తిరిగి డ్రమ్ముల మధ్య పడిపోయాను. లేచి చూసేసరికి కాక లేడు. పౌడర్ ఆరబెట్టే డ్రయ్యర్ సెక్షన్ వాళ్లను పదిమందిని వెంటేసుకుని మేనేజర్ గదికి వెళ్లాడు. "పౌడర్ ఆ పిలగాన్ని తింటున్నది సార్. మాస్కులు రావాలె, దుమ్ము గుంజే ఫ్యాను బాగుగావాలె. గందాక నేను కాటా ముట్ట" అని చెప్పి వచ్చి, గోదాము మెట్ల మీద కూర్చున్నాడు. తూకం లేనిదే బ్యాచ్ మొదలవదు. రెండు రోజులు ఫ్యాక్టరీ నిలిచిపోయింది. మూడో రోజు మాస్కులు వచ్చాయి, ఫ్యాను తిరిగింది. కానీ డాక్టరును పిలిపించి అందరి రక్తం తీయించారు. రిపోర్టులో పౌడర్ జాడ లేకపోతే కాకను ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు.

రిపోర్టులో ఏం వస్తుందో నాకొక్కడికే తెలుసు. రక్తం తీశాక రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆయన ఉద్యోగం పోయినా ఫరవాలేదు, నా గుట్టు దక్కాలి అనుకున్నాను. నిజం, అట్లాగే అనుకున్నాను. మూడో రోజు ఆయన మళ్లీ తన బెల్లం ముక్క నా జేబులో పెట్టాడు. ఇక నావల్ల కాలేదు. గోదాము వెనక ఖాళీ డ్రమ్ముల దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను.

"కాకా, పౌడర్ గాదు. నేనే తింటలేను."

"ఎందుకు తింటలేవ్?"

"సన్నగుంటెనే చూస్తరు."

"ఎవరు? పిల్లనా?"

"పిల్ల గాదు కాకా. మొగోళ్లు."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. చివరికి, "గది నాకు సమజ్ గాదు బిడ్డా. ఆకలైతే సమజ్ అయితది" అన్నాడు.

మేనేజర్‌కు నేనే వెళ్లి చెప్తానన్నాను. "ఏమని చెప్తవ్? రేపటి సంది గేటుకాడ నీ ముచ్చటే నడుస్తది. నువ్వు జెర నోరు మూసుకో. నేనే తప్పుగ సమజ్ చేసుకున్న అని చెప్త" అన్నాడు. చెప్పాడు కూడా. పాత మనిషని ఉద్యోగం తీయలేదు గానీ మెమో ఇచ్చి, క్యాంటీన్‌లో అందరి ముందూ తప్పైందని చెప్పించారు. నెరిసిన తలతో ఆయన చేతులు కట్టుకుని నిలబడితే నేను మూడో బల్ల దగ్గర తలవంచుకుని కూర్చున్నాను. ఆ రోజు లేచి నిలబడనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆయన మాత్రం బయటికొచ్చి, "తప్పైతే అయింది. మాస్కులైతే వాపసు తీస్కోరు గద" అని నవ్వాడు.

నేను రోజూ కాటా ఎక్కే సంగతి కూడా ఆయన పసిగట్టినట్టున్నాడు, మర్నాటి నుంచి నేను గోదాముకు వెళ్లేసరికి దాని మీద నిండు డ్రమ్ము ఉండేది. దాన్ని దించే బలం నాకు లేదని ఆయనకు తెలుసు. క్యాంటీన్‌కు కాకుండా గోదాములోకే డబ్బా తెచ్చి, సగం రొట్టె నా ముందు పెట్టి, నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగదని నేను చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు. అటు తిరిగే అడిగేవాడు, "నిన్నటికంటె ఒక్క బుక్క ఎక్కువ పోయిందా?" పోని రోజులు ఎన్నో. ఆ రోజుల్లో పొలం సంగతులు చెప్పి లేచేవాడు. నగరంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందీ ఆయనే. ఒక ఏడాదిలో బాగుపడ్డానని చెప్పను. ఇప్పటికీ చెడ్డ వారాలు వస్తాయి. కానీ మళ్లీ పడిపోలేదు.

తర్వాత నాకొక తోడు దొరికాడు. సంగారెడ్డిలో బడి పంతులు. పటాన్‌చెరులో ఇద్దరం ఒకే కిరాయి ఇంట్లో ఉంటున్నాం. రిటైరయ్యాక కాక ఒకసారి సీతాఫలాలు మోసుకుని వచ్చాడు. ఇల్లంతా చూశాడు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "పంతులూ, వీడు తింటున్నడా?" అన్నాడు. "తింటున్నడు కాకా" అన్నాడు తను. "గంతే చాలు" అని సైకిలెక్కాడు.

నిన్న ఆయన దినం. ఇద్దరం వెళ్లాం. వాకిట్లో టెంటు కింద భోజనాల బంతి వేశారు. ఊళ్లోవాళ్ల ముందు అలవాటుగా నేనొక చివర, తనొక చివర కూర్చున్నాం. కాక కొడుకు అన్నం బేసిను మోసుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. "గట్ల దూరం దూరం కూసున్నరేందన్నా? బాపు ఎప్పుడో చెప్పిండు, నా దినానికి గీళ్లిద్దరొస్తరు, ఒక్కకాడ కూసోబెట్టుర్రి అని" అంటూ, పక్కాయన్ని జరగమని, పంతుల్ని పిలిచి నా పక్కన కూర్చోబెట్టాడు. మా విస్తర్లలో వేడన్నం పెట్టాడు, మాంసం వడ్డించాడు. నేను మారు అడిగాను. బంతి ఇరుకై మా విస్తర్ల అంచులు ఒకదాని మీదొకటి ఎక్కాయి. నా వైపు పులుసు పారి తన అన్నంలోకి పోయింది. తను కలుపుకుని తిన్నాడు.