ఒక్కపొద్దు పేరు చెప్పి

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క కాదు. దించితే నా పరువు పోతుందని. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని చాలా రోజులు వెతుక్కున్నాను. చేసిన పాపానికి ఒక మంచి కారణం ఉంటే బాగుండునని మనిషికి ఉంటుంది కదా. దొరకలేదు.

నా పేరు మీకెందుకు? మాది కోరుట్ల. పుట్టిల్లు సిరిసిల్ల, మరమగ్గాల చప్పుడులో పెరిగాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక మా వాడ ఆడవాళ్లందరిలాగే బీడీలు చుట్టాను. తొంభై ఆరు కిలోల నుంచి అరవైకి వచ్చి, ఎనిమిదేళ్లుగా అక్కడే ఉన్న మనిషిని. పెళ్లిళ్లలో నన్ను చూపించి కోడళ్లకు బుద్ధులు చెబుతారు. "నోరు కట్టుకుంటే గిట్లుంటరు" అంటారు. నేను తల వంచుకుని చిన్నగా నవ్వుతాను. ఆ నవ్వు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నది. ఛీ.

ముందు ఆ తిండి సంగతి చెప్పాలి. ఆకలి అనుకోకండి. ఆకలైతే తింటే పోతుంది. నాది తిన్నకొద్దీ పెరిగేది. అందరితో కూర్చున్నప్పుడు నాలుగు ముద్దలు తిని చేయి కడుక్కునేదాన్ని. "ఏం తింటదని పాపం, ఒళ్లు తీరే గంత" అని మా అత్తమ్మ జాలిపడేది. అసలు తిండి ఆ తర్వాత ఉండేది. బీడీలకు తునికాకు తడిపి గుడ్డలో మూటగట్టి పెడతాం. ఆ మూటల కింద బిస్కెట్ పొట్లాలు, కారప్పూస దాచేదాన్ని. అవి తంబాకు కంపు కొట్టేవి. అయినా తినేదాన్ని. ఒకసారి బజ్జీలకని కలిపి పెట్టిన శనగపిండిని, పొయ్యి వెలిగించేలోపే సగం వేలితో నాకేశాను. పచ్చి పిండి. రుచా? తినేటప్పుడు రుచి తెలిసేదే కాదు. ఎవరైనా వస్తారేమోనని భయం మాత్రం తెలిసేది. తిన్నాక ఏడుపు. ఏడ్చాక మళ్లీ తిండి. తర్వాత ఒక డాక్టరమ్మ దాన్ని జబ్బు అంది. నాకు కుక్కబతుకు అనిపించేది.

కింద కూర్చుంటే ఇంకొకరు చేయి అందిస్తే తప్ప లేవలేని రోజు వచ్చింది. అప్పుడు జగిత్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మందుల దుకాణం పైన ఉంటుంది. మనసుకు మందిచ్చే డాక్టరు. మా దగ్గర అలాంటివాళ్లను పిచ్చి డాక్టర్లంటారు. అందుకని ఇంట్లో చెప్పలేదు. కొడిమ్యాల దిక్కు గుట్ట మీది అంజన్నకు మొక్కుకున్నాను, మంగళవారం మంగళవారం పోవాలి అన్నాను. కోరుట్లలో బస్సెక్కి జగిత్యాలలో దిగిపోయేదాన్ని. డాక్టరు దగ్గర పనయ్యాక బస్టాండు బయట కొబ్బరికాయ కొని, గోడవారన రాయి మీద కొట్టి, పొట్లంలో తెచ్చుకున్న సింధూరం నుదుట పెట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. మా అత్తమ్మ ఆ కొబ్బరిచిప్పను కళ్లకద్దుకుని ఇరుగుపొరుగుకు ముక్కలు పంచేది. వాళ్లు చెప్పులు విప్పి మరీ తీసుకునేవారు. నాకు నవ్వొచ్చేది. ఇన్ని చెబుతున్నప్పుడు అదెందుకు దాచాలి? నిజంగానే నవ్వొచ్చేది.

డాక్టరమ్మ నన్ను కడుపు మాడ్చుకోమనలేదు. మూడు పూటలా వేళకు తినమంది. పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, నిదానంగా తినాలి. తినే ముందు మనసెలా ఉందో నోటుబుక్కులో రాయాలి. అన్నిటికంటే ముందు ఆమె మాన్పించింది నా ఒక్కపొద్దులు. మా దిక్కు ఆడవాళ్లు దేవుడి పేరున ఒక్కపొద్దు ఉంటారు, పగలంతా ఏమీ ముట్టకుండా ఉండి పొద్దుగూకాక ఒక్కసారే తింటారు. నేను సోమవారం, శనివారం ఉండేదాన్ని. పగలు మాడిన కడుపుతో సాయంత్రం గిన్నెల మీద పడుతున్నారు, మీ జబ్బుకు అదే మేత, ఆ మాటే మరిచిపోండి అందామె.

మరిచిపోయాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. పెద్దకోడలు ఒక్కపొద్దులు మానేసిందంటే ఎందుకని అడుగుతారు, అడిగితే డాక్టరు సంగతి బయటపడుతుంది. అందుకని ఆ రెండు రోజులూ పొద్దున్నే డబ్బాలో సర్ది మంచం కింద పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం ఒంటిగంటకు తలనొప్పి అని చెప్పి మా అర్రలో తలుపు వేసుకుని రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు పప్పు తినేదాన్ని. తలుపు అవతల అందరికీ నేను పస్తున్న మనిషిని. అలా తిని తగ్గాను. నేను తగ్గుతున్నకొద్దీ గుట్ట మీది దేవుడికి మా వాడలో పేరు పెరిగింది.

రజిత మా మరిది భార్య. మా మాటలో నా యారాలు. అప్పట్లో అందరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నాకంటే ఆరేళ్లు చిన్నది. అప్పటికే షుగరు వచ్చి గోలీలు మింగేది. తను కూడా అందరితో నాలుగు ముద్దలే తినేది. తర్వాత వంటింట్లోకి వెళ్లి గిన్నె మూతను చప్పుడు కాకుండా తీసేది. ఆ చప్పుడు కాకపోవడం ఇంట్లో ఎవరికీ వినబడలేదు, నాకు తప్ప. నా జబ్బే. మొదటి రోజే గుర్తుపట్టాను. జాలిపడ్డానా? లేదు. అసహ్యించుకున్నాను. ఆమెలో నన్ను నేను చూసుకున్నానని పెద్ద మాటలు చెప్పొచ్చు. నిజం చాలా చిన్నది. నేను ఒడ్డున పడ్డాను, ఆమె ఇంకా అందులోనే ఉంది. నాకది బాగుంది. పక్కన ఒక లావు మనిషి ఉంటేనే కదా నేను సన్నబడ్డట్టు నలుగురికీ తెలిసేది!

ఒకరోజు ఇద్దరం అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. ఆమె చేయి ఆపింది.

"అక్కా, ఒక్కమాట అడుగుత, నిజం చెప్తవా? యాడన్న డాక్టర్‌కు సూపిచ్చుకుంటున్నవా?"

ఆకు కత్తిరిస్తున్న నా కత్తెర ఆగింది. అరుగు మీద ఇంకెవరూ లేరు. అంతకంటే మంచి సమయం ఎవరికైనా దొరుకుతుందా?

"డాక్టరేంది? నాకేమన్న పిచ్చా?" అన్నాను. "అంజన్న దయ. ఒక్కపొద్దులు మనసు పెట్టి పట్టిన. గంతే."

"నేను గూడ పట్టనా మరి? షుగర్ గోలీలు మింగుతున్న గదక్కా, ఏమన్న అయితదేమో."

"దేవుని మీద భారం ఏసినోళ్లకు ఏమైతది? మనసు గట్టిగుండాలె. గదే లేదు నీకు."

ఆమె తల దించుకుంది. అవునక్కా అంది. మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

ఆ మాటలు నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. నాకు కీడు చేసిందని నాకు మాన్పించిన దాన్నే, షుగరు గోలీలు మింగే మనిషికి మందని చెప్పాను. మందుల దుకాణం పైన ఒక డాక్టరమ్మ ఉంది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక బీడీ చుట్టినంత సేపు పట్టదు.

రజిత సోమవారం నుంచే మొదలుపెట్టింది. ఆమె అరుగు మీద మంచినీళ్లు కూడా ముట్టకుండా బీడీలు చుట్టేది. నేను లోపల తలుపు వేసుకుని వేళ తప్పకుండా తినేదాన్ని. సాయంత్రం ఆమె ఒక్కపొద్దు విడిచేటప్పుడు నేనే వండి వడ్డించేదాన్ని. మారు వడ్డించేదాన్ని. ఆమె తలెత్తకుండా తినేది. నేను గోడకు ఆనుకుని చూసేదాన్ని. నేను ఇక తినలేనిదంతా ఆమె నా బదులు తింటున్నట్టుండేది. నన్ను మీరేమనుకున్నా సరే, ఆ సాయంత్రాలు నాకు ఇష్టంగా ఉండేవి.

మూడో నెలలో ఒక శనివారం. ఒంటిగంట. నేను రెండో రొట్టె తింటున్నాను. బయట చాట కింద పడిన చప్పుడు, వెంటనే మనిషి పడిన చప్పుడు వినిపించాయి. అత్తమ్మ "రజితా, ఓ రజితా" అని అరుస్తోంది. నా నోట్లో ముద్ద ఉంది. ముందు దాన్ని మింగాను. పళ్లెం మంచం కిందికి తోశాను. కొంగుతో మూతి తుడుచుకున్నాను. పళ్ల మధ్య పప్పు ఏమైనా ఇరుక్కుందేమోనని నాలుకతో చూసుకున్నాను. అప్పుడు తలుపు తీశాను.

ఎంతసేపు పట్టి ఉంటుంది? ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా ఆ సమయం తగ్గడం లేదు.

షుగరు పడిపోయిందన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. గోలీలు వేసుకుంటూ పస్తులుండమని ఎవరు చెప్పారని డాక్టరు కోప్పడ్డాడు. ఎవరూ చెప్పలేదు సార్, నేనే ఉన్నాను అంది రజిత. నేను ఆ మంచం పక్కనే, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంటికి వచ్చాక నా చేయి పట్టుకుని, "నా భక్తే తక్కువ అక్కా. అంజన్న నిన్ను దగ్గరికి తీసిండు, నన్ను ఒద్దన్నడు" అని ఏడ్చింది. అప్పుడన్నా చెప్పొచ్చు. నోరు పెగలలేదా? అబ్బే, బాగానే పెగిలింది. ఊరుకో, అంతా మంచే అవుతుందన్నాను.

ఆ తర్వాత కూడా ఆమె మానలేదు. నాలుగు వారాలు మానేది, మళ్లీ పట్టేది. దేవుడితో రాజీ కుదుర్చుకోవాలని ఆమె తిప్పలు. పస్తు, తిండి, పస్తు, తిండి. నాలుగేళ్ల కింద ఎడమకన్ను పోయింది. కుడికన్ను మసక. ఆమె చుట్టిన బీడీలను కంపెనీలో తీసిపారేయడం మొదలుపెట్టాక ఆ పనీ పోయింది. షుగరు పాతది, ఎలాగైనా కంటికి వచ్చేదేమో అన్నాడు కంటి డాక్టరు. ఆ మాటను నేను ఎన్నో రోజులు చప్పరించాను. ఎంత చప్పరించినా అందులో సారం లేదు.

ఇంతలో నేను మాత్రం పెరగలేదు చూడండి. ఎనిమిదేళ్లు బరువు నిలుపుకోవడం అంత తేలికేమీ కాదు. ఇప్పటికీ పెళ్లిలో బూందీ పళ్లెం ముందు నుంచి పోతే చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇప్పటికీ నోటుబుక్కు రాస్తాను. ఎన్ని గంటలకు తిన్నాను, ఏం తిన్నాను, మనసెలా ఉంది. మనసు దగ్గర ప్రతిరోజూ "బాగుంది" అని రాస్తాను. చివరికి ఆ డాక్టరమ్మకు కూడా అబద్ధమే చూపించాను.

మొన్నటి నెలలో రజిత తన బిడ్డను చేయి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. పేరు అక్షిత. ఇంటర్ చదువుతోంది. పిల్ల లావెక్కింది. కాలేజీ సంచిలో చాక్లెట్ కాగితాలు, చిప్స్ కవర్లు దొరికాయట. మళ్లీ అదే. అత్తమ్మ పోయింది, పొయ్యిలు వేరుపడ్డాయి, ఆ చప్పుడు కాని గిన్నె మూత మాత్రం మా ఇంట్లోనే ఉంది.

"సోమారం సంది ఒక్కపొద్దు పట్టు బిడ్డా" అంది రజిత. "ఎట్ల పట్టాల్నో పెద్దమ్మ చెప్తది. నా లెక్క గాకు."

పిల్ల నా వైపు చూసింది. నా నాలుక మీద ఆ పాత మాట సిద్ధంగా ఉంది. మనసు గట్టిగుండాలె. అనడానికి నోరు కూడా తెరిచాను. ఆ పిల్ల మీద ప్రేమ నన్ను ఆపిందనుకుంటారేమో. కాదు. ఈ పిల్ల కూడా ఒకరోజు అరుగు మీద పడిపోతుంది, అప్పుడు నేను మళ్లీ ముద్ద మింగి, మూతి తుడుచుకుని, తలుపు తీయాలి. అది నాతో కాదనిపించింది. ఆఖరికి నిజం కూడా నా కోసమే చెప్పాను.

అంతా చెప్పాను. డాక్టరు, బస్టాండు కొబ్బరికాయ, మంచం కింద డబ్బా. ఆ శనివారం నోట్లో ఉన్న ముద్ద సంగతి కూడా చెప్పాను. రజిత ఆ ఒక్క కన్ను నా ముఖం మీదే పెట్టి విన్నది. చివర్లో అంది:

"దేవుడు ఒద్దన్నడనుకున్న గిన్నేండ్లు. ఒద్దన్నది నువ్వా?"

గోడ పట్టుకుని లేచి, బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది.

నన్ను క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను? ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడడం లేదు. వారం తర్వాత అక్షిత ఒక కాగితం, పెన్ను తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తల్లి డాక్టరు పేరు రాసివ్వమన్నదట. నన్ను మాత్రం వెంట రావొద్దన్నదట. రాసిచ్చాను.

మంగళవారం తల్లీబిడ్డలు బస్సుకు బయల్దేరారు. గుట్టకేనా అని ఎదురింటామె అడిగింది. "గుట్టకు గాదు. మనసు డాక్టర్ దగ్గరికి" అని రజిత వాడంతా వినేలా చెప్పింది. నడక కూడా ఆపలేదు. నేను పదేళ్లు మింగిన మాట అది. సందు మలుపు దాకా వాళ్లు కనిపించారు. ఎదురింటామె నా వైపు తిరిగి, గట్లంటదేంది, నువ్వు గుట్టకే పోతివి గద అంది. ఇన్నేళ్లూ నేను తెచ్చిన కొబ్బరిముక్కలు కళ్లకద్దుకుని తిన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

"నేను ఎన్నడు గుట్టకు పోలే" అన్నాను. "నేను గూడ గా డాక్టర్ దగ్గరికే పోయిన."

ఆమె అప్పుడే పక్కింటి గుమ్మం వైపు నడిచింది. పొద్దుగూకేలోపు వాడలో తెలియని మనిషి ఉండదు. తెలియనీ.