‘పరిశీలిస్తాం’ అన్నాను

2016లో కర్ణాటకలోని పావగడ తాలూకాలో సోలార్ పార్కు పనులు జరుగుతున్నప్పుడు నేను ఒక కంపెనీలో లైజన్ ఆఫీసర్‌ని. అంటే కంపెనీ మాట రైతులకు, రైతుల మాట కంపెనీకి చేర్చేవాణ్ణి. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నానని ఊరి మీటింగుల్లో మైకు నాకే ఇచ్చేవారు. ‘జీవనాధారం’, ‘సానుకూల దృక్పథం’ లాంటి మాటలు ఎక్కడ వేస్తే చప్పట్లు పడతాయో నాకు బాగా తెలుసు.

వల్లూరు మీటింగులో, చేలు లీజుకిచ్చే రైతుల వెనక నుంచి నరసమ్మ అనే పెద్దావిడ లేచింది. ఆమెకు సెంటు భూమి లేదు. గొర్రెలే బతుకు.

“సార్, శెనక్కాయ పీకినాక ఆ చేలల్లోనే మా గొర్రెలు మేసేది. కంచె ఏసినాక లోపలికి ఇడుస్తారా?”

విడవరని నాకు తెలుసు. కానీ అంతమందిలో ‘లేదు’ అంటే మీటింగు చెడుతుందని భయం.

“అమ్మా, మీ జీవనాధారమే మా ప్రథమ ప్రాధాన్యం. మీ అభ్యర్థనను సానుకూల దృక్పథంతో పరిశీలిస్తాం.”

చప్పట్లు మోగాయి. ఆమె రెండు చేతులెత్తి నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను.

మరుసటి ఏడు ఒక పొద్దున గేటు దగ్గరి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. మీరు సరేనన్నారని ఒకావిడ మందతో వచ్చి కదలడం లేదన్నాడు. వెళ్ళాను.

“ఏందప్పా, ఆ పొద్దు సరే అంటివే!” అంది నరసమ్మ.

“సరే అనలేదవ్వా. పరిశీలిస్తామన్నాను.”

“అంటే ఏంది?”

నేను కంచె వైపు చూశాను. ఆమె నా మొహం చూసి తనే అర్థం చేసుకుంది.

“లేదు అనేదానికి అంత పెద్ద మాటలెందుకప్పా? నిడుగల్లులో మేత ఉందని మా చెల్లెలు పోయినేడే గొర్రెల్ని తోలుకొని రమ్మనింది. ఈడ ఇడుస్తారని నేనే పోలేదు. ఇప్పుడు ఆడ వేరేవాళ్ళు మందలతో దిగినారు.”

సెక్యూరిటీ తల దించుకున్నాడు. పై ఆఫీసర్లను రెండుసార్లు అడిగాను, ఒప్పుకోలేదు. నెల తిరక్కుండానే ఆమె మంద మొత్తం అమ్మేసింది. ఇంటికి వెళ్ళి “తప్పు నాదే అవ్వా” అంటే, చెరుగుతున్న చేట పక్కన పెట్టి, “కూచోప్పా” అంది. ఒక్క మాటైనా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కుదరని పనికి మొదటి మాటే ‘కుదరదు’ అంటాను. జనం నా మీద కేకలేస్తారు. కేకలేసి, ఇంటికి పోయి వేరే దారి వెతుక్కుంటారు. నరసమ్మకు ఆ వ్యవధి కూడా లేకుండా చేసింది నా నోరే.