వాగు మీద నా పనితనం

ఆ రోజుల్లో కాలు నిలవని కుర్రవాడికి జబ్బు పేర్లు పెట్టేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. నా ఖర్మ కొద్దీ నాకు చెప్పిన పని కూర్చుని చేసేది. గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి మగ్గం ముందు కూర్చుంటే పొద్దు గుంకేదాకా లేవకూడదు. నేను మాత్రం ఏదో ఒక వంకతో లేస్తూనే ఉండేవాణ్ణి. దాహం వేసేది, వీధిలో బండి చప్పుడు వినిపించేది, దారం రంగును ఎండలో చూడాలనిపించేది (ఆ రంగును నిన్ననే చూసి ఉండేవాణ్ణి). ఆ వయసులో నాకు జరిగిన ఈ సంగతిని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చింది నేను కాదు, మా అక్క భర్త, మా బావ. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక జనం ఆయన చుట్టూ చేరి చెప్పించుకునేవారు. ఆయన చెప్పేటప్పుడు చిన్న వాగు కృష్ణానది అయ్యేది, ఆ రోజు మమ్మల్ని చూడవచ్చిన పెద్దసాబు శ్రీశైలం దాకా కొట్టుకుపోయేవాడు. నేను పక్కన తల వంచుకుని వక్క నములుతూ ఉండేవాణ్ణి. పోయిన చలికాలం బావ పోయాడు. ఆ తర్వాత జరిగిన ఒక పెళ్లిలో భోజనాలయ్యాక అందరూ లేచి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంటికొచ్చి చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. అందుకని రాస్తున్నాను. సాబు కొట్టుకుపోలేదు. నీళ్లలో కూర్చున్నాడు, అంతే.

అప్పటికి పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. బావ వనపర్తిలో ఒక బడిలో నౌకరు. ఆ బడివాళ్లు చలికాలం సెలవుల్లో పిల్లలను అడవి బతుకు అలవాటు చేయడానికని ఊరి బయటికి తీసుకుపోయేవారు. గుడారాల్లో పడుకోవడం, గుట్టలెక్కడం, తాళ్లు పట్టుకుని వాగు దాటడం, తమ గిన్నెలు తామే తోముకోవడం, ఇవీ వాళ్లు నేర్చుకోవలసినవి. వనపర్తి పిల్లలతో పాటు గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి కూడా కొందరు వచ్చేవారు. ఆ ఏడు మకాం వీపనగండ్ల అవతల, రాళ్లగుట్ట కింద వాగు ఒడ్డున పడింది. పనివాళ్లు కావాలంటే బావ నా పేరు చెప్పాడు. పని నచ్చితే మకాం ఎత్తేశాక కూడా బడిలోనే, ఆటల మైదానం చూసుకునే మనిషిగా ఉంచుకుంటారని కబురు తెచ్చాడు. బతుకంతా ఆరుబయట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే ఒప్పుకున్నాడు.

"పో. ఉంచుకుంటే ఆడనే ఉండు, నేనేమనను. ఉంచుకోకుంటే మాత్రం వచ్చి గుంటల దిగు. మల్ల లేస్తనంటే ఊకోను."

మకాంలో మా అందరికీ పైవాడు బడి డ్రిల్లు మాస్టరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కనుక ఆయన్ని అందరూ సీటీ సారు అనేవారు. నోటితో చెప్పగలిగిన ఏ మాటనూ ఆయన నోటితో చెప్పేవాడు కాదు. పొడుగు ఈల ఊదితే ఎక్కడివాళ్లం అక్కడ, ఎట్లా ఉన్నవాళ్లం అట్లా బిగుసుకుపోవాలి. పొట్టి ఈల ఊదితేనే కదలాలి. ఈ నియమం పిల్లలకే అనుకున్నాం. మొదటి ఉదయమే అది పనివాళ్లకు కూడా అని తేలింది. తెల్లవారకముందే లేచి నేను ఇసుకలో తోడిన చెలిమె నుంచి నీళ్లు ముంచుతున్నాను, బావ పొయ్యి ముందు జొన్నరొట్టె తిప్పబోతున్నాడు. పొడుగు ఈల మోగింది. నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. బావ చెయ్యి పెనం మీద గాలిలో ఆగింది.

"సారు, రొట్టె మాడుతున్నది," అన్నాడు బావ, పెదవులు కదపకుండా.

"మాడనియ్. రొట్టెకు గూడ కవాతు నేర్పు."

ఆ రొట్టె నా వాటాకు వచ్చింది. తర్వాత రోజంతా పరుగే. దుప్పట్లు దులపాలి (తేళ్లు పిల్లలకంటే ముందే నిద్రపోయి ముందే లేచేవి), కట్టెలు కొట్టాలి, దొడ్డికి తవ్విన గుంటల్లో బూడిద చల్లాలి, గుట్ట ఎక్కి దిగలేక ఏడ్చేవాణ్ణి దింపాలి, దింపాక వాడు ఏడవలేదని మిగతావాళ్లకు చెప్పాలి. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలి మీదే కూర్చునేవాణ్ణి, ఈల మోగితే లేవడానికి వీలుగా. నేను పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషంగా ఎప్పుడూ లేను. బావ మాత్రం నన్ను చూసి తల ఊపేవాడు. "బామ్మర్ది, నీకు పని చేస్తున్నట్టు లేదు, ఎవడో తరుముతున్నట్టున్నది," అనేవాడు.

అక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది తాళ్ల వంతెన. వాగుకు అటొక చెట్టు, ఇటొక చెట్టు. నడవడానికి కింద ఒక తాడు, పట్టుకోవడానికి పైన రెండు. తాళ్లేమో చుట్టుపక్కల ఊళ్లలో మోట బావుల దగ్గర అడిగి తెచ్చినవి, ఏదీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు చాలదు. ముడేసి అతకాలి. "మగ్గపోడివి, ముడి నీకు రాక ఎవనికొస్తది," అని సారు ఆ పని నాకిచ్చాడు. ముడి ఎట్లా వేయాలో ఆయన నేర్పాడు, నేను పిల్లలకు నేర్పాను. ముడి వేశాక చివర జానెడు తోక వదలాలి, లేకపోతే బరువు పడ్డప్పుడు జారుతుంది, అని పొద్దున్నా సాయంత్రం వాళ్ల చేత అనిపించేవాణ్ణి. పిల్లలు రోజూ ఆ వంతెన మీద కోతుల్లా దాటేవారు. ఏమీ కాలేదు.

కానీ ఆ తోకలు నా కంట్లో నలుసులా ఉండేవి. మా ఇంట్లో తెగిన పోగును అతికితే, ముడి కొనలు మొదలంటా కత్తిరించాలి. నేసిన చీర మీద మా అమ్మ కళ్లు మూసుకుని అరచెయ్యి పెట్టి తోసేది. ఎక్కడైనా ఒక కొన తగిలితే ఆ పూట ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు. చిన్నప్పటి నుంచి ఆ చేతికి భయపడి పెరిగినవాణ్ణి. జానెడేసి తోకలు గాలికి ఊగుతున్న ఆ వంతెనను చూసినప్పుడల్లా ఎవరో నడివీధిలో నన్ను నిలబెట్టి తిడుతున్నట్టుండేది.

మకాం చివరికి వచ్చాక హైదరాబాదు నుంచి పెద్దసాబు చూడవస్తున్నాడని కబురు వచ్చింది. బడుల మీద అధికారం ఆయనదే. నన్ను ఉంచుకునేదీ లేనిదీ ఆయన ఒక్క మాటతో తేలుతుందని బావ చెప్పాడు. సీటీ సారు పరేషాన్ అయిపోయి మకాం అంతా తిరిగాడు. "సబ్ సాఫ్ ఉండాలె. ఏడ గూడ పోగు లేవొద్దు," అన్నాడు. పోగు అన్న మాట ఆయన నోట ఎందుకొచ్చిందో తెలియదు. నేను కట్టెల కత్తి తీసుకుని నేరుగా వంతెన దగ్గరికి పోయాను. కత్తికి రాయి మీద పదును పెట్టి, ఒక్కొక్క ముడి దగ్గర వేలితో తడుముతూ, తోకలన్నీ మొదలంటా కోశాను. తర్వాత కళ్లు మూసుకుని అరచెయ్యి తోసి చూశాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. సారు వచ్చి ముడుల మీద చెయ్యి రాసి, "బహుత్ ఖూబ్, పట్టు లెక్కున్నది," అన్నాడు. పొద్దున, సాయంత్రం నేను పిల్లల చేత చెప్పించిన మాట ఆ క్షణంలో మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మర్నాడు సాబు వచ్చాడు. నిండైన మనిషి, నల్ల షేర్వానీ, మంచి మాటతీరు. రొట్టె తిని బాగుందన్నాడు, గుడారాల్లోకి వంగి చూశాడు. వంతెన దగ్గర ముడుల మీద వేళ్లు ఆనించి, "ఇది ఎవరి చెయ్యి?" అని అడిగాడు. సారు నన్ను చూపాడు. సాబు నన్ను చూసి తల పంకించాడు. ఆ ఒక్క క్షణం బడి మైదానం అంతా నాదే. సాబు జోళ్లు విప్పి పక్కన పెట్టాడు.

"పిల్లగాండ్లు దాటంగ నేను దాటొద్దా?" అన్నాడు.

దాటాడు, సగం దాకా. తాళ్లు తెగలేదు. తెగి ఉంటే పరువు దక్కేది. ముడుల్లోంచి మెల్లగా జారాయి. ముందు కాలి కింది తాడు, తర్వాత కుడిచేతిది, తర్వాత ఎడమచేతిది, ఎవరో పల్లకీని జాగ్రత్తగా దింపినట్టు సాబును తీసుకొచ్చి వాగు నడుమ కూర్చోబెట్టాయి. నీళ్లు కూర్చుంటే ఛాతీ లోతు, చలికాలం నీళ్లు. సీటీ సారుకు ఆపదలో చేతికి దొరికేది ఒకటే. ఈల నోట పెట్టుకుని ఊపిరి ఉన్నంతా ఊదాడు.

అది పొడుగు ఈల. పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. బావ గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే. నేను నీళ్లలోకి ఒక కాలు పెట్టి, రెండో కాలు గాలిలో ఉంచి నిలబడిపోయాను. ఎవరూ కదలకపోవడం చూసి సారుకు ఇంకా భయం వేసింది, ఇంకా గట్టిగా ఊదాడు. మేము ఇంకా గట్టిగా బిగుసుకున్నాం. సాబు నీళ్లలో కూర్చునే అటూ ఇటూ చూశాడు.

"మాస్టర్, ఇది గూడ ట్రైనింగేనా?" అని అడిగాడు.

అప్పుడు బావ గరిటె దించకుండానే అన్నాడు, "సారు, పొట్టిది ఊదుండ్రి."

పొట్టి ఈల మోగింది. ఆ తర్వాత మేమంతా ఒక్కసారే వాగులోకి దూకడంతో సాబు మరోసారి మునిగాడు.

పొయ్యి పక్కన కంబళి కప్పి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాం. సాబు జారిన తాడు కొన ఒకటి తెప్పించుకుని దాన్ని వేళ్లతో తిప్పి చూశాడు. నన్ను పిలిచాడు.

"నువ్వే కోసినవా?"

"నేనే సాబ్."

"ఎందుకు?"

"తోకలు కనిపిస్తుండె సాబ్."

"కనిపిస్తే ఏమైతది?"

మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎన్నడూ అడగలేదు. బావ ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "మా ఇండ్లల్ల తోక కనిపిస్తే చీర ఎనక్కొస్తది సాబ్. చీరకు తాడుకు ఫరక్ తెల్వలేదు మా బామ్మర్దికి. కడుపుల కల్మషం ఏం లేదు." సాబు నవ్వబోయి తుమ్మాడు. తుమ్మబోయి మళ్లీ నవ్వాడు. మంచివాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. వెళ్లేముందు మోటారు దగ్గర సీటీ సారుతో మాత్రం, "పిల్లగాని చెయ్యి మంచిగున్నది. గని దాన్ని తాడు కాడ పెట్టకు," అన్నాడు. తాళ్లు లేని మైదానం ఆ బడికి లేదు. నా సంగతి అంతటితో తేలిపోయింది.

బావ పెబ్బేరు దాకా నాతో నడిచాడు. నేను వేగంగా నడుస్తుంటే, "జర మెల్లగ పోరాదు, ఇంటికే గద పోయేది," అన్నాడు. ఆ తర్వాత చాలా దూరం మెల్లగా నడిచాను.

ఇంట్లో నాయిన మగ్గం మీదున్నాడు. నిలబడే అంతా చెప్పాను. వాగు, సాబు, ఈల, అన్నీ. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. అడ్డపోగు తోసే నాడె ఆపి, అసలు సంగతి ఇప్పుడు తేల్చుకుందామన్నట్టు అడిగాడు.

"ఎంత దగ్గరికి కోసినవ్?"

బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించాను. మధ్యలో సందు లేదు.

"మోట తాడునా?"

"మోట తాడునే, నాయినా. కట్టెల కత్తితోని."

అంతకు ముందూ ఆ తర్వాతా నా పనిని ఆయన మెచ్చుకున్నది నేను వినలేదు. "కత్తితోని గట్ల కొయ్యొస్తదా," అని తనలో తాను అనుకుని, పక్కకు జరిగి గుంటలో నాకు చోటిచ్చాడు.

దిగాను. మళ్లీ లేస్తానని అనలేదు. కానీ కాళ్లకు ఎవరు చెప్పాలి? మగ్గం కింద తొక్కే చెక్కల మీద అవి వాటి పరుగు అవి పరుగెత్తేవి. నాయిన చూసీ చూడనట్టుండి అప్పుడప్పుడు అడిగేవాడు.

"ఏడిదాక పోయినవ్‌రా?"

"పెబ్బేరు దాటిన నాయినా."

"అన్నం యాల్లకు తిరిగి రా."

అట్లా గుంటలో కూర్చునే చాలా దూరం తిరిగాను. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ మగ్గం గట్టున పెట్టుకుని చదివినవే. ఇప్పుడు మోకాళ్లు నన్ను గుంటలోకి దిగనివ్వవు. నులక మంచం మీద కూర్చుంటాను. ఎంత కుదురుగా కూర్చున్నా పాదాలు రెండూ వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి ఆడుతుంటాయి. డాక్టరు దీనికి ఒక పేరు చెప్పి మందు రాశాడు. మందు తెచ్చుకోలేదు. ఈ కాళ్లలో ఆ కుర్రవాడు ఇంకా ఎక్కడికో పోతున్నాడు, ఎక్కడి దాకా పోయాడో అడిగేవాళ్లు లేరు. అన్నం వేళకు తిరిగి వస్తాడులే అని నేనే కూర్చుని ఉంటాను.