ప్రపంచకప్ దారి కనేరి నుంచి మొదలైతే

"రగ్బీ ప్రపంచకప్‌లో ఇండియా ఎందుకు ఆడదు?" అని నా బ్లాగులో ఎవరో అడిగారు. ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే చాలు, నాకు పూనకం వస్తుంది. జట్లు ఎలా అర్హత సాధిస్తాయో, ఏ ఖండానికి ఎన్ని చోట్లో చాంతాడంత వ్యాసం రాసిపడేశాను. దాన్ని చదివినవాళ్ళ కంటే "హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆటేనా అండీ?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. కాదండీ, అది అమెరికావాళ్ళ వేరే ఆట, ఎన్నిసార్లు చెప్పను! ఆ వ్యాసం కింద ఒకే ఒక్క మంచి కామెంటు వచ్చింది. "అక్కా, మీరు అంతా పైనుంచి రాసిన్రు. కిందినుంచి ఎట్లుంటదో మా భీవండికి వచ్చి సూడున్రి. ఈ ఆదివారం మాది ఆఖరి మ్యాచ్." రాసింది రజిత. సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో దారం కండెలు చుట్టే అమ్మాయి, అక్కడి ఆడపిల్లల రగ్బీ జట్టుకు కెప్టెన్. అంత మాట అన్నాక ఇంట్లో కూర్చుంటే నాకు అన్నం సహిస్తుందా? శనివారం సికింద్రాబాద్‌లో ముంబై రైలెక్కాను.

భీవండి వెళ్ళాలంటే ముంబై దాకా పోనక్కర్లేదు, కళ్యాణ్‌లో దిగిపోవాలి. సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచైతే నేరుగా భీవండికే ప్రైవేటు బస్సులున్నాయి కానీ నా నడుము వాటికి ఒప్పుకోదు. పొద్దున ఎనిమిదికి కళ్యాణ్‌లో దిగి, స్టేషన్ బయట కనేరికి షేర్ ఆటో ఎక్కాను. భీవండిలో రజితలాంటి మన నేతపనివాళ్ళుండే పేట అది. మనిషికి నలభై రూపాయలన్నాడు. తక్కిన ఇద్దరూ సగం దారిలో కోన్‌గావ్ దగ్గర దిగిపోయారు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విన్న డ్రైవరు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏ ఊరు మేడం మనది?"

"ఉండేది హైదరాబాద్. పుట్టింది జగిత్యాల."

"గట్ల జెప్పున్రి మరి! మాది మెట్‌పల్లి. కనేరిల ఎవలున్నరు మీకు?"

రగ్బీ మ్యాచ్ చూడ్డానికి వచ్చానంటే ఎగాదిగా చూశాడు. "గుడ్డు లెక్క బాలుంటది, గదేనా? మరి వరల్డ్ కప్పుల మనోళ్లున్నరా?"

ముందు లారీల వరస కదలడం లేదు, నాకు చెప్పడానికి తీరిక దొరికింది. మీరూ వినండి, ఇక్కడికి వచ్చేవాళ్ళకు ఇది తెలిసి ఉంటే మంచిది. ఆస్ట్రేలియాలో జరిగే మగవాళ్ళ ప్రపంచకప్‌కు ఇరవై నాలుగు జట్లు. వాటిలో పన్నెండు సీట్లకు అంతకుముందు కప్పులోనే కర్చీఫ్ వేసేశారు. నాలుగు గ్రూపుల్లోనూ మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్ళకు మళ్ళీ ఆడాల్సిన పని లేదు. మిగిలిన పన్నెండింటిని ఖండాలకు పంచారు. ఆసియాకు నేరుగా దక్కేది ఒకే ఒక్కటి, పై వరసలోని నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే మొదట నిలిచినవాళ్ళకు. రెండో స్థానంవాళ్ళు ఆఫ్రికాలో రెండో స్థానం వాళ్ళతో తలపడాలి. అందులో గెలిచినా సీటు రాదు. నాలుగు జట్లు ఆడే చివరి పోటీకి వెళ్ళాలి, అక్కడ మిగిలేది ఆఖరి సీటు. మన జట్టు ఆసియా పై వరసలో కూడా లేదు. కింది డివిజన్లో గెలుస్తూ, ఒక్కో వరస ఎక్కుతూ పోవాలి. ఆడవాళ్ళ ప్రపంచకప్‌కు దారి వేరైనా మెట్లు మాత్రం ఇలాంటివే.

డ్రైవరు అంతా విని తల గోక్కున్నాడు. "అంటె మనం ఇంక బస్టాండుకు గూడ రాలే మేడం. ఇంట్ల చెప్పులు తొడుక్కుంటున్నం."

నేను నా వ్యాసంలో నాలుగు పేజీలు తీసుకున్న సంగతి అది. నవ్వలేక చచ్చాను. కనేరి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

కనేరిలో సందులు సన్నం, ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఏ గోడ పక్కన నిలబడ్డా సాంచాల చప్పుడే. రజిత సందు మొదట్లోనే ఎదురొచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంది, మోకాలికి పట్టీ. "అక్కా, బాగున్నరా! రైల్ల నిద్ర వట్టిందా?" అని సందు మొత్తం వినబడేలా అరిచింది. ఆ చప్పుడులో బతికేవాళ్ళందరి గొంతూ అంతేనట. మూల మీద బండి దగ్గర ఇడ్లీ, పల్లీ చట్నీ తినిపించి, నన్ను డబ్బు తీయనివ్వలేదు.

ఆదివారం కదా, సెలవేమో అనుకున్నాను. కాదు. ఇక్కడ చాలా కార్ఖానాలకు శుక్రవారం సెలవు. మరి ఆదివారం మ్యాచ్ ఎలా ఆడుతున్నావంటే, "మా అవ్వ బదిలీ నిలవడ్డది" అంది. ఇక్కడ పనిలో ఒక పద్ధతుంది. మనిషి రాకపోతే మిషన్ ఆగకూడదు. ఎవరికి సెలవు కావాలన్నా తమ చోట నిలబడే మనిషిని తామే తెచ్చుకోవాలి. ఆ మనిషినే బదిలీ అంటారు. బదిలీ దొరకకపోతే సెలవు లేదు. రెండుసార్లు ఎగ్గొడితే ఆ చోటు ఇంకొకరిది. రజిత ప్రాక్టీసుకు వెళ్ళిన ప్రతి పొద్దూ, మ్యాచ్ ఆడిన ప్రతి ఆదివారమూ ఆమె చోట నిలబడింది వాళ్ళమ్మే.

ఆ అమ్మను మధ్యాహ్నం చూశాను. రజిత కాసేపు వెళ్ళి మిషన్ దగ్గర నిలబడితే, ఆమె ఇంటికి అన్నానికి వచ్చింది. పేరు భూలక్ష్మి. కూర్చోగానే కాళ్ళు చాపి, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాక్కుంది. చీలమండలు వాచి ఉన్నాయి. పొద్దంతా నిలబడి, సాయంత్రమంతా బీడీలు చుడుతుందట.

"పిల్ల ఆటను వద్దంటలేను చెల్లె," అంది చారన్నం కలుపుకుంటూ. "అది ఉరుకుతుంటె నాకు గూడ మస్తు సంబురం. కాళ్లు ఒప్పుతలెవ్వు, ఏం జెయ్యాలె? పోయిన నెల దానికి చెప్పకుంట డాక్టర్ కాడికి పోయిన. అది ఎట్లనో ఎర్కజేస్కున్నది. 'అవ్వా, ఈసారి రాష్ట్రం పోటీకి పోకుంటె ఇగ నిన్ను బదిలీ అడగ, ఆట బంద్ జేస్త' అన్నది. అన్నదంటె జేస్తది, మొండిది."

"మీరు ఏమన్నారు మరి?"

"ఏమంట? గెలువు బిడ్డా అన్న." గబగబా చేయి కడుక్కుని వెళ్ళిపోయింది.

ప్రపంచకప్ మెట్లు లెక్కపెట్టి చెప్పే నేను, అన్నిటికంటే కింది మెట్టు ఒక ఆడమనిషి వాచిన కాళ్ళ మీద నిలబడి ఉందని ఎప్పుడైనా రాశానా?

మైదానం ఊరి బయట, గోదాముల వెనక. కనేరి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. మ్యాచ్ మూడింటికి. రజిత తండ్రి మల్లేశం కూడా వచ్చాడు, తన సాంచాల మీద పక్క సాంచాలు నడిపే జోడీదారుని నిలబెట్టి. కూతురి ఆట చూడడం ఆయనకు ఇదే మొదటిసారి. చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. లెక్క సులువే. జట్టుకు పదిమంది చొప్పున ఆడే నాలుగు జట్ల లీగు, మొదటి రెండు జట్లు పుణెలో జరిగే రాష్ట్ర పోటీకి వెళ్తాయి. అక్కడ ఆడి పెద్దల కంట్లో పడితే రాష్ట్ర జట్టు, దాని తర్వాత జాతీయ శిబిరం. రెండో స్థానం కోసం మనవాళ్ళకు ఇంకా కావలసింది ఒక్క పాయింటు. పెద్ద పోటీల్లో ఉన్న నియమమే ఇక్కడా పెట్టారు. గెలిస్తే నాలుగు పాయింట్లు, ఓడినా ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒకటి. అది మల్లేశానికి చెబుదామనుకున్నాను. ఆయన చెట్టంత మనిషి గీత పక్కన నిలబడి "మారో! మారో!" అని అరుస్తుంటే నా మాట వినేదెవరు?

ఠాణే వైపు నుంచి వచ్చిన జట్టు పిల్లలు గట్టివాళ్ళు. అయినా మొదటి సగంలో మనల్ని దెబ్బతీసింది వాళ్ళ బలం కాదు. రగ్బీలో బంతి చేజారి ముందుకు పడితే తప్పు. కానీ రెఫరీ వెంటనే ఆపడు. ఎదుటి జట్టుకు లాభముంటే చేయి చాపి ఆట సాగనిస్తాడు. మన పిల్ల ఒకతి చేతిలోంచి బంతి జారింది. అంతే, పదిమందీ టక్కున ఆగిపోయారు! ఠాణే పిల్ల తాపీగా బంతి తీసుకుని పరుగెత్తి గీత అవతల పెట్టింది. దానికి ఐదు పాయింట్లు, వెంటనే బంతిని కర్రల మధ్యకు తన్నినందుకు ఇంకో రెండు. ఇంకాసేపటికి మళ్ళీ అదే తప్పు, మళ్ళీ అదే ఆగడం. పద్నాలుగు, సున్నా. మన జట్టు కోచ్ మేడం జుట్టు పీక్కుంటోంది. నాకూ ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకాగుతున్నారే?" అని విరామంలో రజితను అడిగాను.

రజిత నీళ్ళు తాగి సీసా కింద పెట్టింది. "దారం తెగితె సాంచా ఆపాలె గదక్కా. నడిపిస్తె బట్ట మొత్తం ఖరాబైతది. చిన్నప్పటిసంది చెయ్యి గట్లనే అలవాటైంది." తర్వాత పిల్లల వైపు తిరిగి అరిచింది. "ఏయ్, ఇనుండ్రి! ఇది సాంచా కాదు. తెగినా ఆపద్దు. రెఫరీ సీటీ వడేదాంక ఉరుకుడే!"

రెండో సగంలో ఠాణే పిల్ల చేతిలోంచి బంతి జారింది. ఈసారి ఆగింది వాళ్ళు. మన పిల్ల ఎత్తుకుని ఒకటే పరుగు. ఐదు పాయింట్లు! మల్లేశం నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు, ఇప్పటికీ నొప్పే. దాని వెంట వచ్చే తన్నును రజిత కర్రల మధ్యకు కొట్టలేక పక్కకు పంపింది. పద్నాలుగు, ఐదు. తొమ్మిది తేడా. ఆ తర్వాత ఎంత గుద్దుకున్నా ఇటుది అటు కాలేదు. ఆట ముగిసే క్షణాన ఠాణే వాళ్ళు తప్పు చేశారు, మనకు పెనాల్టీ. అదే ఆఖరి అవకాశం.

గీత దగ్గర్లోనే ఉంది. జనమంతా ఉరకమని అరుస్తున్నారు. రజిత మాత్రం కర్రల వైపు చేయి చూపింది. తన్నుతుందట. తన్ను పడితే మూడు పాయింట్లు.

మల్లేశం నెత్తి కొట్టుకున్నాడు. "ఎట్లైనా ఓడేదే గదనే, గా మూడు పాయింట్లు ఏం జేస్కుంటవ్? ఉరుకు బిడ్డా, ఇజ్జతన్న దక్కుతది!"

ఇందాక బంతిని పక్కకు పంపిన కాలే అది. రజిత బంతిని నేల మీదికి వదిలి, ఎగరగానే తన్నింది. బంతి వంకరగా లేచి, కర్రను ఒరుసుకున్నంత పని చేసి, లోపల్నుంచే పోయింది. పద్నాలుగు, ఎనిమిది. సీటీ మోగింది. ఓడిపోయాం.

మల్లేశం గడ్డిలో చతికిలబడ్డాడు. అటు చూస్తే మన పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు, ఏడుస్తున్నారు, రజితను ఎత్తుకుని తిప్పుతున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. "సిగ్గు లేదా వీళ్లకు? ఓడిన్రు గద, గీ ఎగురుడేంది?"

పక్కన కూర్చుని లెక్క చెప్పాను. ఆరు తేడా, ఒక పాయింటు, రెండో స్థానం, పుణె. రెండుసార్లు చెప్పించుకున్నాడు. మెల్లగా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటె బట్ట తానుల డాగులున్నయి గని, సేటు పాస్ జేసిండు. గంతేనా చెల్లె?"

"అంతే అన్నా, అచ్చం అంతే."

"వారి నీ!" అని లేచి, ఇస్త్రీ చొక్కాతో ఆ బురద పిల్లల గుంపులోకి దూరిపోయాడు.

తిరుగు ఆటోలో అందరం నోళ్ళు పడిపోయేలా మాట్లాడాం. కార్ఖానా దగ్గర దిగి రజిత వెనకే నేనూ లోపలికి వెళ్ళాను. లోపల చెవులు చిల్లులు పడే చప్పుడు. భూలక్ష్మి మమ్మల్ని చూసి, చేత్తోనే గెలిచారా అని అడిగింది. రజిత అడ్డంగా తలూపింది. ఆ తల్లి ముఖం చూడలేకపోయాను. కూతురు వచ్చి నిలబడడానికి మిషన్ ముందు నుంచి పక్కకు జరిగింది. ఇక రోజూ అది కూతురి చోటేనన్నట్టు. రజిత ఆ చోట్లోకి పోలేదు. తల్లి మెడ చుట్టూ చేతులేసి చెవిలో అరిచింది, అరుపు నాకూ వినబడింది.

"ఓడినం అవ్వా! అయినా పోతున్నం! పుణెకు, మూడు దినాలు! నిలవడ్తవా?"

భూలక్ష్మి కూతుర్ని భుజంతో పక్కకు తోసి, మళ్ళీ తన చోట్లో నిలబడింది.

"ఓడితెనే మూడు దినాలైతె, గెలిస్తె ఎన్ని దినాలు పోతవే నువ్వు?" అంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. తెగిన దారాన్ని అందుకుని ముడి వేసింది.

ఇండియా ప్రపంచకప్‌కు ఎప్పుడు వెళ్తుందో నాకు తెలియదు. రజిత వెళ్తుందో లేదో అంతకన్నా తెలియదు. పుణెలో ఉతికి ఆరేస్తారేమో. ఆ తల్లి కాళ్ళ వాపు ఒక పాయింటుతో తగ్గదు, అదీ నిజమే. మల్లేశం మాత్రం మూడు రోజుల్లో ఒక రోజు తానే బదిలీ వెతుకుతానని నా ముందే మాటిచ్చాడు, నేను సాక్షిని. ఇన్నాళ్ళూ నేను ప్రపంచకప్ అంటే పైనున్న ఇరవై నాలుగు పేర్లు చూసేదాన్ని. ఇప్పుడు ఏ జట్టు పేరు చూసినా, వాళ్ళలో ఒక్కొక్కరి చోట ఊళ్ళో ఎవరు నిలబడ్డారో అనిపిస్తోంది. మనసు తేలిగ్గా ఉంది, చాలా రోజుల తర్వాత.

ఇలాంటి చిన్న పోటీ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. మైదానంలో అడుగుపెట్టే ముందే ఏ జట్టుకు ఎన్ని పాయింట్లు కావాలో ఎవరినైనా అడిగి తెలుసుకోండి. మీ పక్కన నిలబడిన నాన్నకు కూడా ఆట మొదలవకముందే చెప్పేయండి. మొదలయ్యాక ఆయన వినడు.