గుట్ట మీద ఏం తిన్నావు నాయనా

ఉదయగిరి దుర్గం కింద పుట్టినవాడు ఏ సంగతి చెప్పబోయినా ముట్టడితోనే మొదలుపెట్టాలి. అది ఊరి మర్యాద. కాబట్టి ఇది ఒక ముట్టడి కథ. సైన్యం లేని ఒంటరివాడొకడు రెండు ఊళ్ళ మీదికి దండెత్తి, ఎండను వానను లెక్కచేయక, గడప గడపనూ గెలిచి, చివరికి జెండా పాతిన వైనమంతా ఇందులో ఉంది.

లేదు. నేనొక నవల రాశాను. దాన్ని ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ అమ్ముకోవడానికి తిరిగాను. వాన కూడా పడలేదు. మా వైపు అది మామూలుగానే పడదు.

నవల పదిహేను పదహారేళ్ళ పిల్లల కోసం. దాన్ని యంగ్ అడల్ట్ అంటారని ప్రచురణకర్త చెప్పాడు. నేను ఆ మాటే మా నాయనకు చెబితే, చివరి ముక్క మాత్రం విని లేచి వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చాడు. ఆయన ప్రైమరీ స్కూల్లో మేష్టరు. ఇంటి ముందు నుంచి పిల్లలు పోతుంటారు.

కథ ఇంతే. ఒక పిల్లవాడు ఇంటర్ మొదటి సంవత్సరం తప్పుతాడు. ఇంట్లో చెప్పలేక దుర్గం గుట్ట ఎక్కి కూర్చుంటాడు. కొన్నాళ్ళకు దిగివచ్చి, ఒక వైపు ఇల్లు, ఇంకో వైపు బస్టాండు ఉన్న మలుపులో నిలబడతాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది. ఎటు పోయాడన్నది రెండో పుస్తకంలో ఉంది. రెండో పుస్తకం నా లాప్‌టాప్‌లో ఉంది. విజయవాడలో ప్రచురణకర్త మొదటి రోజే తేల్చి చెప్పాడు. మొదటిది అమ్ముడుపోతే రెండోది వేస్తాడు, లేకపోతే ఆ పిల్లవాడు ఆ మలుపులోనే ఉంటాడు. వాణ్ణి అక్కడి నుంచి కదిలించడమే నా ఆశయం. అంతకు మించి నేను సాహిత్యానికి చేద్దామనుకున్న సేవ ఏమీ లేదు.

కాకపోతే నవల మొత్తం ‘నేను’ అని రాశాను. పిల్లవాడే తన కథ చెప్పుకుంటాడు. ఇది చాలా చోట్ల చెల్లుతుంది. మా చర్చిలో చెల్లదు. ‘నేను’ అని మొదలుపెట్టి, పడ్డ కష్టం చెప్పి, చివరికి కొండ దిగివచ్చానని ముగించేదాన్ని అక్కడ సాక్ష్యం అంటారు. దానికి వేరే పేరు లేదు.

పుస్తకం అచ్చయి రాగానే నాయన కృతజ్ఞత కూటం పెట్టించాడు. మా వాళ్ళలో బోరులో నీళ్ళు పడినా, ట్రాక్టరు కొన్నా, ఆపరేషన్ అయి మనిషి ఇంటికొచ్చినా కూటం పెడతారు. వీధిలో షామియానా, పాటలు, ప్రార్థన, తరువాత కోడికూర. నవలకు పెట్టడం ఇదే మొదలు. నా పుస్తకాన్ని బోరు పక్కన చేర్చినందుకు నేను కొంచెం పొంగిపోయాను కూడా. పాస్టరుగారు పుస్తకం పైకెత్తి చూపించి, పరీక్ష తప్పి గుట్టెక్కిన ఒక యౌవనస్థుడు క్షేమంగా దిగివచ్చిన వృత్తాంతం ఇందులో ఉందని చెప్పారు. ఆయన వెనక అట్ట చదివారు. అబద్ధమేమీ చెప్పలేదు. జనమంతా నా వైపు తిరిగారు. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. దాన్ని వినయం కింద జమకట్టుకుని మళ్ళీ ఒకసారి ప్రార్థన చేశారు. ఈసారి నా చదువు కోసం.

భోజనాల దగ్గర, చర్చిలో ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునే అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

“అన్ని దినాలు గుట్ట మీద ఏం తిన్నావు నాయనా?”

“నేను కాదవ్వా. కథలో పిల్లోడు.”

“కథలో పిల్లోడు ఏం తిన్నాడు?”

“సీతాఫలాలు.”

“కాయలు తిని బతికినాడంట ఈ బిడ్డ,” అంది పక్కనున్న ఆమెతో. ఆ పక్కామె కళ్ళు తుడుచుకుంది. నేను అంతగా ఏడిపించిన పాఠకురాలు ఇప్పటిదాకా ఆమె ఒక్కతే. ఆమె పుస్తకం చదవలేదు.

జనం పోయాక నాయనా నేనూ షామియానా తాళ్ళు విప్పుతున్నాం. ఆయన రెండు తాళ్ళు చుట్టి పక్కన పెట్టాడు. తరువాత, నా ఇంటర్ మెమో తానే కాలేజీకి పోయి తెచ్చిన సంగతి గుర్తుచేశాడు. అవునన్నాను. ఫస్ట్ క్లాసే గదా అన్నాడు. ఫస్ట్ క్లాసే అన్నాను. ఆయన ముడి మీదికి వంగాడు.

“ఆ మెమో యాడ చేయించినావురా?”

నేను పరీక్ష పాసయినట్టు మా నాయనను నమ్మించడానికి వారం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా నమ్మాడని చెప్పలేను.

సాక్ష్యంతో అసలు చిక్కు అది కాదు. దానికి వెల ఉండదు. రచయిత వాటాగా నాకిచ్చిన ప్రతులన్నీ కూటంలో కోడికూరతో పాటే పోయాయి. తరువాత అమ్మకానికని ప్రచురణకర్త దగ్గర ఇంకొన్ని తెప్పించినా, ఎవరైనా పుస్తకం కావాలని వస్తే, కొనుక్కోవాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకటి రెండుసార్లు నోరు వచ్చింది కూడా. దేవుడు చేసిన మేలును అమ్ముకుంటున్నానని వాళ్ళు బాధపడి వెళ్ళిపోయారు.

ఫోనులో పెట్టే రీళ్ళు చేయమని ప్రచురణకర్త పోరితే దుర్గం ఎక్కి ఒకటి చేశాను. గాలికి నా మాట ఒక్కటీ వినపడలేదు. బంధువులందరూ కింద ఆమెన్ అని రాశారు.

ఉదయగిరి చేజారింది కాబట్టి ఆత్మకూరు మీద పడ్డాను. జూన్ నెల. బడులు తెరిచారు. బస్టాండుకు దగ్గర్లో ఒక పుస్తకాల కొట్టు ఉంది. తాతల కాలం నుంచి నడుపుతున్న వ్యాపారం. యజమాని పెద్దమనిషి, గైడ్ల కట్టల మధ్య నుంచి కళ్ళజోడు మాత్రమే కనపడుతుంది. నా పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏ క్లాసుకిది?”

“క్లాసు లేదండీ. నవల.”

“సిలబస్‌లో ఉండాదా?”

“లేదు.”

“మరి పిల్లోళ్ళు ఎందుకు చదువుతారబ్బాయా?”

కథ కోసం అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగబోయి ఆగినట్టు కనపడ్డాడు. అయినా మంచివాడు. పది ప్రతులు పెట్టుకుంటానన్నాడు. ఎక్కడ పెట్టాలో ఆయనకు క్షణంలో తెలిసిపోయింది. అట్ట మీద ఒక కొండ, కొండ వెనక నుంచి వెలుగు. విజయవాడలో బొమ్మ వేసినతనికి అది తెల్లవారుజాము. మా వైపు ఎవరికైనా అది సువార్త పుస్తకం. ఆయన దాన్ని పై అరలో, బైబిళ్ళ పక్కన, క్రైస్తవ కీర్తనల కింద సర్దాడు. డిసెంబర్లో మీ వాళ్ళ గిరాకీ బాగా ఉంటాదిలే అని ధైర్యం చెప్పాడు. ప్రచురణకర్త నాకిచ్చిన గడువు ఆగస్టు.

అరలో కూర్చోబెడితే కదలదని, కొన్ని ప్రతులు చేత్తో పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. చేతిలో కొండ బొమ్మ పుస్తకాలు, తెల్ల చొక్కా, దువ్విన తల. నా అవతారం నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. చేజర్ల బస్సు కిటికీలోంచి ఒక రైతు చాలా మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు. మొన్ననే ఒకాయన ఇచ్చినాడనీ, ఇంట్లో ఉండాదనీ, తీరినప్పుడు చదువుతాననీ చెప్పాడు. బొట్టు పెద్దగా పెట్టుకున్న ఒకావిడ మాత్రం ఏ దేవుడైతే ఏముందిలే అని పుస్తకం తీసుకుని కళ్ళకద్దుకుని సంచిలో వేసుకుంది. డబ్బులు అడగడానికి గొంతు సవరించుకునేలోగా ఆమె ఎక్కిన సంగం బస్సు కదిలింది. కళ్ళకద్దుకున్నదాన్ని వెనక్కి ఎట్లా అడుగుతాం.

ఆగస్టు రానక్కర లేకపోయింది. జూలై చివరలో ప్రచురణకర్త ఫోన్ చేశాడు. గోడౌన్‌లో కొత్త గైడ్లకు చోటు చాలడం లేదు, మిగిలిన నవలలు పార్సిల్ వేస్తున్నాను, ఆత్మకూరు పార్సిల్ ఆఫీసులో తీసుకోమన్నాడు. మిగిలినవి అంటే దాదాపు అన్నీ. రెండో పుస్తకం సంగతి అడిగాను. చూద్దాం అన్నాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళు ఇంటికి పోయి కబురు చేస్తామంటారే, అదే గొంతు.

పెట్టెలు వచ్చిన రోజే ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ నుంచి కబురు వచ్చింది. ఆమెది మా చర్చే. కూటంలో ఒక పుస్తకం తీసుకుపోయి హాస్టల్లో పెట్టింది. పిల్లలు రచయితను చూడాలంటున్నారంది. ఇంకో సాక్ష్యానికి నాకు ఓపిక లేదు. కానీ ఎట్లాగూ ఊళ్ళో ఉన్నాను, బస్సుకు చాలా టైముంది. పార్సిల్ ఆఫీసతన్ని పెట్టెలు కాసేపు చూడమని చెప్పి పోయాను.

సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు వరండాలో కూర్చోబెట్టారు. నా పుస్తకం నా ముందుకు ముక్కలుగా వచ్చింది. మొదట నాకు అవమానమనిపించింది. తరువాత తెలిసింది. ఆ హాస్టల్లో గైడ్లన్నిటికీ అదే పద్ధతి. ఒకే గైడు ఉంటుంది, చదవాల్సిన వాళ్ళు చాలామంది ఉంటారు. అందుకని కుట్లు విప్పి, యూనిట్ల వారీగా విడదీసి, దేనికది దారంతో కుట్టి, న్యూస్‌పేపర్ అట్ట వేసి పంచుకుంటారు. నా నవలకూ అదే మర్యాద చేశారు. అధ్యాయానికొక అట్ట. ఎవరికి ఏది దొరికితే అది ముందు చదివారు. ఒకమ్మాయి పిల్లవాడు గుట్ట దిగడం ముందు చదివి, ఎక్కడం తరువాత చదివిందట. ఎందుకెక్కాడో అన్న ఆత్రం ఆమెకు వారం రోజులు ఉంది. నేను రాసిన వరసలో అంత ఆత్రం లేదు.

వాళ్ళు నన్ను పొగడలేదు. కాయలు అన్ని తింటే కడుపునొప్పి రాదా అన్నారు. లెక్చరర్ పాత్ర అబద్ధంగా ఉండాదన్నారు, అంత మంచి లెక్చరర్ ఉండడట. ఇది మీ కథేనా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను రెండు ఊళ్ళూ తిరిగి వెతికింది ఈ పిల్లల్నే. వాళ్ళిక్కడే ఉన్నారు, అందరూ చదివారు, అందరికీ ఒక్క ప్రతి సరిపోయింది. అదీ ఉచితంగా ఇచ్చిన ప్రతి. ఇక వాళ్ళలో ఎవరూ కొననక్కర లేదు.

చివరి అధ్యాయం అనంతసాగరం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి దగ్గర ఉంది. దాని అట్ట అన్నిటికంటే నలిగిపోయింది. అందరూ లేచి మంచినీళ్ళకు పోతున్నా ఆమె కూర్చునే ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రెండోసారి కడుతోందని వార్డెన్ నాకు ముందే చెవిలో చెప్పింది.

“ఇంటికి పోయినాడా సార్, బస్టాండుకు పోయినాడా?”

రెండో పుస్తకంలో ఉంటుందన్నాను. అలవాటైపోయిన మాట.

“అది ఎప్పుడొస్తాది?”

చూద్దాం అనబోయాను. ఆ మాట మొన్ననే ఫోనులో ప్రచురణకర్త నోట నేను విని ఉన్నాను కాబట్టి నోట్లోనే ఆగింది. రాదన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. సగంలో ఆగిపోయేవి ఆమెకు కొత్తవి కావు.

“అయితే మీరే చెప్పండి.”

“ఇంటికే పోతాడు.”

“వాళ్ళ నాయన ఏమంటాడు?”

నా రెండో పుస్తకం మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. వాకిట్లో తండ్రి నిలబడి ఉండడం, పిల్లవాడు గేటు తియ్యడానికి పడే యాతన, మధ్యలో తాత చిన్నతనం, ఒక వాన, ఒక కుక్క. రెండేళ్ళు రాశాను.

“అన్నం తిన్నావా అని అడుగుతాడు,” అన్నాను.

“తిట్టడా?”

“తిట్టడు.”

“అంతేనా?”

“అంతే.”

ఆమె చేతిలోని అట్టను కాసేపు సాపు చేసింది.

“మరి దీనికి ఇంకో పుస్తకం ఎందుకు సార్?”

జవాబు కోసం చూడలేదు. లేచి నీళ్ళ కుళాయి దగ్గరికి పోయి పక్కమ్మాయికి ఏదో చెప్పింది. ఆ అమ్మాయి వెనకున్న ఇద్దరికి చెప్పింది. వరస చివరిదాకా తలలు తిరగడం నాకు కనపడుతూనే ఉంది. ఇంటికే పోయినాడంట, తిట్టలేదంట. స్టడీ అవర్ బెల్లు కొట్టేలోగా నా రెండో నవల విడుదలై, మొత్తం చెల్లిపోయింది. లాప్‌టాప్‌లో ఉన్నదానితో ఇక ఎవరికీ పని లేదు. ఆ అమ్మాయి మాత్రం చివరి అధ్యాయాన్ని మిగతా ముక్కల్లో కలపకుండా తన గైడులో పెట్టుకుని లోపలికి పోయింది.

పార్సిల్ ఆఫీసు మూసేలోగా పోయి పెట్టెలు తీసుకుని ఉదయగిరి బస్సెక్కాను. ఆర్టీసీలో పుస్తకాల పెట్టెలకు లగేజీ టికెట్ విడిగా తీసుకోవాలి. వాటిని దారిలో పెట్టకూడదు, వెనక సీటు కిందికి తొయ్యాలి.