నోరు కట్టిన తీగ

పోయిన నెల పటాన్‌చెరు ఆసుపత్రి మెట్ల మీద, పక్కింటాయన తన కొడుకు దవడ ఎక్స్‌రే పట్టుకుని ప్లేటు వేయించాలా, తీగ కట్టించాలా అని నన్ను అడిగాడు. ప్లాటు తగాదాలో ఆ పిల్లవాణ్ణి సొంత అన్నే ఇటుకతో కొట్టాడట. దవడ విరిగిన అనుభవం మా వీధిలో నాకొక్కడికే ఉంది మరి.

నా దవడ విరగ్గొట్టింది మా బావ, అక్క మొగుడు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేసే రోజుల్లో సమ్మె జరిగింది, మన ఈడు వాళ్ళకు ఆ సమ్మెలు ఎట్లా ఉండేవో తెలుసు. నేను మేనేజరు మాట విని పనిలోకి గేటు దాటబోతే ఇనుప రాడ్డు ఎడమ చెంప మీద పడింది, కింద పడ్డాక ఇంకోటి పడింది, రెండు పళ్ళు నెత్తుటితో సహా అరచేతిలోకి ఊడొచ్చాయి, తలెత్తి చూస్తే రాడ్డు పట్టుకున్నది బావ. వాణ్ణి చంపాలనుకున్నాను, దాచడమెందుకు.

డాక్టరు అమ్మకు రెండు పద్ధతులు చెప్పాడు. ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తే ఖర్చు చాలా ఎక్కువ, కానీ నాలుగు రోజుల్లో మాట్లాడతాడు. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగతో కట్టేస్తే చవక, ఆరు వారాలు నోరు తెరవలేడు. గేదెనమ్మిన డబ్బు అమ్మ కొంగున ఉందని నాకు తెలుసు.

"తీగనే కట్టుండ్రి సారు," అంది అమ్మ. "మాట్లాడుడుకు ఏం జల్దీ లేదు."

ఆ పిసినారితనానికి లోలోపల ఉడికిపోయాను. ఊడిన పంటి సందులోంచి గంజి పీలుస్తూ, మనసులో బావ పేరే నములుతూ పడుకున్నాను. కొట్టిందెవరో రాసిమ్మని కానిస్టేబులు కాగితం ముందు పెడితే, పదో తరగతి పాసైన నేను పెన్నుకోసం చెయ్యి చాపాను.

"వానికి రాయరాదు సారు," అని అమ్మ అడ్డొచ్చింది. "ఏలిముద్రనే."

గంజి గ్లాసుతో గుమ్మంలో అక్క నిలబడి ఉంది, ఏడో నెల కడుపుతో. అమ్మ తీగ ఎందుకు కట్టించిందో అప్పుడు తెలిసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆరు వారాలూ నాకు గంజి పట్టింది అక్కే. తీగ విప్పిన రోజు కానిస్టేబులు మళ్ళీ వస్తే, జారిపడ్డానని చెప్పాను.

పక్కింటాయన ప్లేటే వేయించాడు, మంచి పనే, దవడ చక్కగా కుదిరింది. నాలుగో రోజుకు పిల్లవాడు నోరు తెరిచి అన్న మీద కేసు పెట్టాడు, ఇప్పుడు ఆ ఇంటి నడుమ గోడ లేస్తోంది. వైద్యం బాగుపడింది, కాదనను. కోపం చల్లారే ఆ ఆరు వారాలే ఎవరికీ దొరకడం లేదు. నా దవడ మాత్రం వంకరగానే అతికింది. ఆదివారం ఆదివారం బావ మటన్‌లో మెత్తటి ముక్కలు ఏరి నా కంచంలో వేస్తాడు, ఎందుకని నేను అడగను.